ఒకే ఒంట్లో రెండు చీటీలు

తెల్లవారి ఆరు కాకముందే మామయ్య ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "ఒరేయ్ అబ్బాయ్, మూత్రంలో రక్తం పడుతోందిరా. కిడ్నీలు పోయినట్టున్నాయి."

ఆయనకు పదమూడేళ్లుగా షుగర్. ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా షుగర్ పనే అనుకోవడం అలవాటైపోయింది. కానీ ముందురోజు ఉదయమే టీబీ మందులు మొదలుపెట్టాడు. పరగడుపున నాలుగు బిళ్లలు. ఆ బిళ్లల్లో రిఫాంపిసిన్ అనే మందు ఉంటుంది. దాని సహజ రంగే ఇటుక ఎరుపు. వేసుకున్న కొన్ని గంటల్లోనే మూత్రం నారింజ రంగుకో, ఎరుపుకో తిరుగుతుంది. చెమట, కన్నీళ్లు, ఉమ్మి కూడా కాస్త ఆ రంగు పట్టుకుంటాయి. దానివల్ల హాని లేదు. మందు ఒంట్లోకి వెళ్లిందనడానికి అదొక గుర్తు, అంతే. ఈ ఒక్క మాట బిళ్లలు చేతికిచ్చిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి ఆయన కంటినిండా నిద్రపోయేవాడు.

మామయ్య తెనాలి దగ్గర దర్జీ. ఆయన చికిత్స నడిచిన ఆరు నెలలూ దగ్గరుండి చూశాను. నాకు అర్థమైంది ఒకటే. షుగర్, టీబీ రెండూ ఉన్న మనిషిలో ప్రతి లక్షణానికీ ఇద్దరు ముగ్గురు అనుమానితులు ఉంటారు. కాళ్లు తిమ్మిరెక్కాయంటే షుగర్ వల్ల కావచ్చు, టీబీ మందు వల్ల కావచ్చు, షుగర్ మందు వల్లే కావచ్చు. చూపు మసకబారినా, వాంతులైనా, నీరసం వచ్చినా ఇదే లెక్క. టీబీ చీటీ ఒక చోట రాస్తారు, షుగర్ చీటీ ఇంకో చోట. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లే కరువు.

ఈ రెండు జబ్బుల చుట్టరికం చిన్నదేమీ కాదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు పావు వంతు మన దేశంలోనే ఉన్నారు. ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. షుగర్ ఉంటే టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి చేరిన క్రిమిని పట్టి చంపాల్సిన రక్షణ కణాలు మందగిస్తాయి. చికిత్స మొదలయ్యాక కూడా షుగర్ అదుపులో లేనివారి కళ్లెలో క్రిమి పోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. ప్రాణాపాయం దాదాపు రెట్టింపు. అందుకే టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ షుగర్ పరీక్ష, షుగర్ ఉన్నవారికి టీబీ లక్షణాల ఆరా తప్పనిసరి అని 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది.

మందుకు లొంగే మామూలు టీబీకి ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు కలిసిన బిళ్ల. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసిన బిళ్ల. ఎన్ని వేసుకోవాలన్నది బరువును బట్టి ఉంటుంది. 50 నుంచి 64 కిలోల వాళ్లకు రోజుకు నాలుగు. ప్రభుత్వ కేంద్రాల్లో అన్నీ ఉచితమే.

మందు మొదలైన మూడో వారంలో మామయ్యకు అసలు చిక్కు మొదలైంది. అంతకుముందు 150 దగ్గర ఆడే పరగడుపు షుగర్ 240 దాటింది. ఇంట్లో అనుమానం ఆయన నోటి మీదకు పోయింది. అత్తయ్య అన్నం సగానికి తగ్గించింది, బంగాళాదుంప వంటింట్లోకి రాకుండా చేసింది. అయినా అంకె దిగలేదు. పాపం, ఆయన తిండిలో తప్పు చేయలేదు. తప్పు కాలేయంలో జరుగుతున్న పనిది.

మనం మింగిన చాలా మందుల్ని కాలేయంలోని ఎంజైములు విరగ్గొట్టి బయటకు పంపుతాయి. రిఫాంపిసిన్‌కు ఒక గుణం ఉంది. అది ఆ ఎంజైముల సంఖ్యను పెంచుతుంది. పదిమంది కోసే వరిచేలో నలభైమంది దిగితే చేను ఎంత తొందరగా ఖాళీ అవుతుందో, మిగతా మందులు రక్తంలోంచి అంత తొందరగా మాయమవుతాయి. షుగర్‌కు ఎక్కువమంది వాడే గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ ఈ దెబ్బకు గురయ్యేవే. రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు గ్లిక్లజైడ్ రక్తంలో మూడో వంతుకు పడిపోయినట్టు పరిశోధనల్లో తేలింది. గ్లిమెపిరైడ్ కూడా తగ్గుతుంది, అంత కాదు. పయోగ్లిటజోన్, లినగ్లిప్టిన్‌ల మీదా ఈ ప్రభావం ఉంది. అంటే మనిషి బిళ్ల వేసుకుంటూనే ఉంటాడు, ఒంట్లో మాత్రం సగం బిళ్లే పనిచేస్తుంది.

ఈ ఎంజైముల జోరు మొదటి రోజే రాదు. వారం పది రోజుల్లో పుంజుకుని రెండు వారాలకు పూర్తి బలానికి వస్తుంది. మొదటి వారం షుగర్ బాగానే ఉంది కదా అని గ్లూకోమీటర్ పక్కన పెట్టేస్తే మూడో వారం దెబ్బ తెలియకుండానే పడుతుంది. మొదటి నెలలో కనీసం వారానికి రెండుసార్లయినా పరగడుపున, తిన్న రెండు గంటలకు షుగర్ చూసి, ఆ అంకెలు తేదీతో సహా రాసుకుంటే డాక్టర్‌కు దారి కనిపిస్తుంది. చేతిరాత కాగితమైనా చాలు.

మెట్‌ఫార్మిన్‌ను కాలేయం విరగ్గొట్టదు, అది మూత్రం ద్వారా యథాతథంగా పోతుంది. కాబట్టి కిడ్నీలు బాగున్నవారికి టీబీ మందులతో పాటు అదే మంచి తోడు. ఇన్సులిన్‌ను కూడా రిఫాంపిసిన్ తరిమేయలేదు. షుగర్ బాగా పెరిగినప్పుడు, మనిషి చిక్కిపోయినప్పుడు డాక్టర్లు ఇన్సులిన్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం. సూది అనగానే "ఇక జన్మంతా ఇదే" అని బెంగపడేవాళ్లను చాలామందిని చూశాను. టీబీ తగ్గాక చాలామంది మళ్లీ బిళ్లలకే వస్తారు. ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నప్పుడు ఒత్తిడి హార్మోన్లు షుగర్‌ను ఎగదోస్తాయి. క్రిమి తగ్గేకొద్దీ అవి శాంతిస్తాయి.

ఇదే రిఫాంపిసిన్ బీపీ బిళ్ల ఆమ్లోడిపిన్‌నూ, కొలెస్టరాల్ బిళ్ల అటోర్వాస్టాటిన్‌నూ, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌నూ, గర్భనిరోధక మాత్రలనూ బలహీనం చేస్తుంది. షుగర్ ఉన్నవారిలో ఈ మందుల్లో ఒకటో రెండో వాడనివారు తక్కువ. టీబీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న అన్ని మందుల అట్టలూ ఒక సంచిలో వేసుకుని వెళ్లాలి. పేర్లు గుర్తుండకపోయినా అట్టలు చెబుతాయి.

ఇక కాళ్ల సంగతి. రెండో నెలలో ఒక మధ్యాహ్నం మందుల గురించి కనుక్కోవడానికి ఆశా కార్యకర్త వచ్చింది. మామయ్య కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి ఎదురు వచ్చాడు. ఆమె ఆయన పాదాల వైపు చూసి, "బాబాయ్ గారూ, ఎడమ కాలి చెప్పు ఏదండీ?" అంది. ఆయన కిందికి చూసుకున్నాడు. చెప్పు మిషన్ కింద, మూడు గజాల వెనక పడి ఉంది. అది జారిపోయిన సంగతి ఆయన పాదానికి తెలియదు.

కాలి నుంచి చెప్పు జారినా తెలియకపోవడం నరాలు మొద్దుబారాయనడానికి డాక్టర్లు అడిగి తెలుసుకునే గుర్తు. ఏళ్ల తరబడి షుగర్ నరాల్ని దెబ్బతీస్తుంది. ఐసోనియాజిడ్ ఇంకో వైపు నుంచి వస్తుంది. నరాలకు అవసరమైన బీ6 విటమిన్‌ను అది పట్టుకుని మూత్రంలోకి పంపేస్తుంది, మిగిలినదాన్నీ సరిగా పనిచేయనివ్వదు. ఇక మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, దానివల్లా తిమ్మిర్లే వస్తాయి. మన దేశంలో ఐసోనియాజిడ్‌ను నెమ్మదిగా అరిగించుకునే శరీర తత్వం చాలామందిది. అలాంటివారిలో మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, నరాలకు ముప్పు కూడా ఎక్కువ.

ఈ విషయంలో దక్షిణాదికి ఒక గొప్ప చరిత్ర ఉంది. 1956లో మద్రాసులో మొదలైన టీబీ కీమోథెరపీ కేంద్రం, టీబీ రోగిని శానటోరియంలో పెట్టకుండా ఇంట్లోనే మందులతో నయం చేయవచ్చని 1959లో ప్రపంచానికి రుజువు చేసింది. ఐసోనియాజిడ్ తెచ్చే తిమ్మిర్లను బీ6 కొద్ది మోతాదులో ఇచ్చి ఆపవచ్చని 1960ల్లో చూపినవాళ్లూ అక్కడివాళ్లే. ఈరోజు టీబీ బిళ్లలతో పాటు రోజుకు 10 మిల్లీగ్రాముల పైరిడాక్సిన్ (బీ6) అనే చిన్న బిళ్ల ఇవ్వడం వెనక ఉన్నది ఆ పనే. షుగర్ ఉన్నవారికి అది తప్పనిసరిగా ఉండాలి. మీ చీటీలో ఆ పేరు లేకపోతే అడగండి. అడగడం మర్యాద తక్కువ పనేం కాదు.

అలాగని నరాల బలానికని మందుల షాపులో దొరికే పెద్ద డోసు బిళ్లలు, సూదులు సొంతంగా వాడకూడదు. బీ6 నెలల తరబడి మోతాదు మించితే అదే నరాల్ని చెడగొడుతుంది. తిమ్మిర్లు కొత్తగా మొదలైనా, ఉన్నవి పెరిగినా డాక్టర్ పైరిడాక్సిన్ మోతాదును పెంచుతారు, బీ12 చూస్తారు. ఈలోగా రోజూ రాత్రి పాదాలు కడిగి, తుడిచి, వేళ్ల సందుల్లో వెలుతురు పెట్టి చూసుకోవాలి. మామయ్యకు వంగడం కష్టమైతే అత్తయ్య చూసేది. ఒకసారి బొటనవేలి కింద గుండుసూది గీసిన గాయం కనిపించింది. ఆయనకు నొప్పే తెలియలేదు.

కంటి విషయంలో దాపరికం ఇంకా ఎక్కువ. ఇథాంబుటాల్ అరుదుగా కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట పోయేది రంగుల తేడా, ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చ. తర్వాత చూపు మధ్యలో మసక. షుగర్ రోగికి అప్పటికే రెటీనా దెబ్బతిని ఉండవచ్చు, శుక్లాలు ఉండవచ్చు. అందుకే "షుగర్ మసకే కదా, అద్దాలు మారుద్దాం" అని తోసేసే ప్రమాదం ఉంది. ఈ మందు కిడ్నీల ద్వారా బయటకు పోవాలి. షుగర్ వల్ల కిడ్నీలు నెమ్మదించినవారిలో అది ఒంట్లో పేరుకుంటుంది. కాబట్టి మందు మొదలుపెట్టే ముందే క్రియాటినిన్ పరీక్ష, కంటి పరీక్ష చేయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. మన దగ్గర ఇథాంబుటాల్ ఆరు నెలలూ సాగుతుంది కాబట్టి ఆ జాగ్రత్త కూడా ఆరు నెలలూ ఉండాలి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండర్ ముందు వారానికోసారి నిలబడాలి. ఒక కన్ను అరచేత్తో మూసి ఆదివారాల ఎర్ర అంకెలు చూడాలి. తర్వాత రెండో కన్ను మూసి చూడాలి. ఎరుపు వెలిసినట్టో, నల్లబడినట్టో కనిపించినా, చిన్న అక్షరాల్లో వేసిన తిథి, నక్షత్రం పోయిన వారం చదవగలిగి ఈ వారం చదవలేకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. సమయానికి మందు ఆపితే చాలామందిలో చూపు తిరిగొస్తుంది. ఇది కంటి డాక్టర్ పరీక్షకు బదులు కాదు. రెండు పరీక్షల మధ్య కాపలా మాత్రమే.

కామెర్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పైరజినమైడ్, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే. షుగర్ ఉన్నవారిలో చాలామందికి కాలేయంలో కొవ్వు ఉంటుంది, మద్యం అలవాటు తోడైతే ముప్పు పెరుగుతుంది. ముందుగా వచ్చేవి అన్నం మీద అయిష్టం, ఆగని వికారం, కుడి పక్కటెముకల కింద బరువు, చెప్పలేనంత నిస్సత్తువ. ఇక్కడ రిఫాంపిసిన్ రంగు మనల్ని మోసం చేస్తుంది. కామెర్లలోనూ మూత్రం రంగు మారుతుంది కదా. కాబట్టి మూత్రాన్ని నమ్మకుండా పగటి వెలుగులో కళ్ల తెల్లగుడ్డు చూడాలి. రిఫాంపిసిన్ కన్నీటిని ఎర్రగా చేస్తుందే గానీ, మామూలు మోతాదులో తెల్లగుడ్డును పచ్చగా చేయదు. పచ్చగా ఉందంటే ఆ రోజు బిళ్ల వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కాలేయ ఎంజైములు లక్షణాలతో సహా మామూలు కంటే మూడు రెట్లు దాటినా, లక్షణాలు లేకుండా ఐదు రెట్లు దాటినా డాక్టర్లు మందులు ఆపుతారు. తగ్గాక ఒక్కో మందునూ వరుసగా మళ్లీ మొదలుపెట్టి దోషి ఎవరో పట్టుకుంటారు. చాలామందిలో చికిత్స మళ్లీ దారిలో పడుతుంది. చెడేది మనం మధ్యలో పసరు పోయించినప్పుడు. ఫలానా ఊళ్లో కామెర్లకు పసరు పోస్తారంటే బస్సెక్కి వెళ్లే అలవాటు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అలసిన కాలేయం మీద ఇంకో తెలియని మందు వేయడం అది. పైగా పథ్యం పేరుతో ఉప్పు, నూనె, పప్పు మాన్పిస్తారు. టీబీతో చిక్కి, షుగర్ బిళ్లలు వేసుకుంటున్న మనిషికి ఆ పథ్యం ప్రాణం మీదికి తేగలదు.

వాంతులు, వికారం మాటకొస్తే, రిఫాంపిసిన్ పరగడుపున వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కానీ కడుపులో తిప్పితే కాస్త ఇడ్లీ తిని వేసుకోవడం మేలు, మానేయడం కంటే. మెట్‌ఫార్మిన్ కూడా వికారం తెస్తుంది కనుక రెండూ ఒకే పూట ఒకే గుక్కలో మింగకుండా మెట్‌ఫార్మిన్‌ను భోజనం తర్వాతకు జరపవచ్చేమో అడగాలి. వాంతులై అన్నం తినని రోజున షుగర్ బిళ్ల, ఇన్సులిన్ మామూలుగా వేసుకుంటే షుగర్ దిగిపోతుంది. అలాంటి రోజున ఏం చేయాలో ముందే డాక్టర్‌తో రాయించుకోవాలి. పైరజినమైడ్ యూరిక్ యాసిడ్‌ను పెంచి కీళ్ల నొప్పులు తెస్తుంది. అది ఆ రెండు నెలల ముచ్చట. దానికోసం షాపులో నొప్పి బిళ్లలు కొని వాడితే నష్టపోయేది షుగర్ రోగి కిడ్నీలే.

మందులకు లొంగని టీబీ దారి వేరు. అందులో వాడే లినెజొలిడ్ నరాలకూ రక్తానికీ కష్టం తెస్తుంది. మాక్సిఫ్లాక్ససిన్ వంటివి షుగర్‌ను పైకీ కిందికీ కూడా లాగగలవు. అక్కడ ఇంట్లో చూసుకునే జాగ్రత్తలు చాలవు, వారం వారం నిపుణుల కన్ను ఉండాలి.

తిండి దగ్గర ప్రతి ఇంట్లో పంచాయితీయే. టీబీ అంటే గుడ్లు, పాలు, అరటిపళ్లు పెట్టాలని పెద్దలు అంటారు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో పడుకోబెట్టి వైద్యం చేసిన కాలంలో మందు లేదు, మంచి గాలి, విశ్రాంతి, తిండే మందు. ఆ జ్ఞాపకం ఇళ్లలో ఇంకా ఉంది. షుగర్ అంటే నోరు కట్టుకోవాలని ఇంకో మాట. రెండో మాట గెలిస్తే మనిషి ఎండిపోతాడు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బరువు తగ్గిన టీబీ రోగికి తిండి కోయకూడదు, తిండికి సరిపోయేలా షుగర్ మందు సర్దాలి. గుడ్లు, పప్పు, పెరుగు, చేప, వేరుశనగ పెంచి, పంచదార, పళ్లరసాలు, మెత్తటి తెల్లన్నం కొండలు తగ్గిస్తే రెండు జబ్బులకూ న్యాయం జరుగుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం మాంసకృత్తుల లెక్క డాక్టర్‌ను అడగాలి. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు రోగి ఖాతాలో పడుతున్నాయి. ఆ డబ్బు గుడ్ల కోసం అని గుర్తుపెట్టుకోవాలి.

ఆరు నెలలు గడిచాయి. కళ్లె పరీక్షలో క్రిమి లేదు. మామయ్య ఏడు కిలోలు పెరిగాడు. చివరి బిళ్ల మింగిన రోజు అత్తయ్య పరమాన్నం వండి, ఆయనకు రెండు చెంచాలే పెట్టింది. అందరం అయిపోయిందనుకున్నాం. పదహారో రోజు మధ్యాహ్నం, పెళ్లి జాకెట్లు అందించే హడావుడిలో భోజనం ఆలస్యమైంది. మిషన్ మీద కూర్చున్న మనిషి చొక్కా చెమటతో తడిసింది. మాట తడబడింది. దారం సూదిలోకి ఎక్కించలేక పది నిమిషాలుగా అలాగే కూర్చున్నాడు. అత్తయ్య గ్లూకోమీటర్ పెడితే 52. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, తేరుకున్నాక అన్నం పెట్టింది.

జరిగింది ఇది. మూడో వారంలో షుగర్ పెరిగినప్పుడు డాక్టర్ గ్లిమెపిరైడ్ రెట్టింపు చేశారు, అది సరైన పనే. రిఫాంపిసిన్ ఆగిన రెండు వారాలకు కాలేయంలో పెరిగిన ఎంజైములు మామూలు స్థాయికి తిరిగొచ్చాయి. ఇప్పుడు రెట్టింపు బిళ్ల పూర్తిగా రెట్టింపు పని చేసింది. పైగా ఇన్ఫెక్షన్ పోయింది కనుక ఒంటికి అంత మందు అవసరమే లేదు. టీబీ కోర్సు అయిపోయిన సంగతి షుగర్ చీటీ రాసినవారికి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా టీబీ కోర్సు పూర్తయ్యే తేదీ దగ్గరపడుతుంటే, ఆ తేదీకి వారం ముందే షుగర్ డాక్టర్‌ను కలిసి చెప్పండి. చివరి బిళ్ల తర్వాత మూడు వారాల పాటు గ్లూకోమీటర్‌ను, చేతికందే దూరంలో పంచదార డబ్బాను ఉంచండి. కళ్లు పచ్చబడితే తప్ప, మధ్యలో ఏ అనుమానం వచ్చినా బిళ్లలు సొంతంగా ఆపకుండా టీబీ ఉచిత సహాయ నంబరు 1800-11-6666కు ఫోన్ చేయండి.